వందన సమర్పణతో దిగిన విమానం

విమానం పైకి లేవడానికి ఇంజను చాలు. కిందికి దిగడానికి మాత్రం ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక ముఖ్య అతిథి, ఒక ప్రార్థనాగీతం కావాలని ఏలూరు కళ్లజోళ్ల త్రినాథ్‌కి ఆ వేసవిలోనే తెలిసింది.

త్రినాథ్‌కి పవర్‌పేటలో కళ్లజోళ్ల షాపుంది. వారమంతా ఊరి చూపు సరిచేసి, ఆదివారం సాయంత్రం తన చూపు ఆకాశం మీదికి మళ్లించేవాడు. ఆకాశమంటే అసలుది కాదు, కంప్యూటర్ తెరలోది. అందులో మబ్బులుంటాయి గానీ తడపవు. రన్‌వేలుంటాయి గానీ టికెట్టడగవు. కూలినా పోయేదేం లేదు, ఒక మీట నొక్కితే పునర్జన్మ. ఇంటర్నెట్లో కలిసి ఈ ఆట ఆడుకునే తెలుగువాళ్లు కొందరు జట్టు కట్టి, దానికి ‘శ్రీ గరుత్మంత ఆన్‌లైన్ వైమానిక దళం’ అని పేరు పెట్టుకున్నారు. పేరుకి దళమే గానీ, అందులో కొన్ని బుర్రలు మాత్రం దళసరి.

“ఇంట్లో ఫ్యాను తిరగడం మానేసి నెల్లయింది. దాన్నొదిలేసి ఈయన విమానం తిప్పుతున్నాడు వదినా,” అని శకుంతల పక్కింటావిడతో మొగుడి ప్రతిభ గురించి చెప్పుకునేది.

ఆ దళంలో కొత్తగా చేరింది మంగతాయారు టీచరు. రిటైరైంది. చెవులకి హెడ్‌ఫోన్, ముక్కుకి త్రినాథ్ షాపులో కొన్న కళ్లజోడు, చేతికి మనవడు వదిలేసిన జాయ్‌స్టిక్. కళ్లజోడు కొనడానికొచ్చినప్పుడే కంప్యూటర్లో విమానం చూసి, “అదేంటి నాయనా, నాక్కూడా నేర్పుతావా?” అంది. అంతే, ఆదివారం సాయంత్రాలు పాఠం మొదలైంది.

“టీచరుగారూ, వేగం తగ్గించండి.”

“తగ్గించా నాయనా.”

“మరీ అంత తగ్గిస్తే రాయిలా పడిపోద్దండీ.”

“పడింది.”

“ఫర్వాలేదండి, మళ్లీ లేవండి.”

“లేవడానికేం, సర్వీసంతా కోడికంటే ముందు లేచినదాన్ని. ఈ దిగడమే దిగులుగా ఉంది.”

“ఇంతకీ మీకెందుకండీ ఇంత పట్టుదల?”

ఆవిడ హెడ్‌ఫోన్ సర్దుకుంది. తర్వాత చెప్పింది. గన్నవరంలో విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఆవిడ పనిచేసిన బడి. “‘పిల్లలూ, అక్బరు కుమారుడు...’ అనేదాన్ని. నెత్తిమీద గుయ్యిమని విమానం. అది పోయేసరికి ప్రశ్నేంటో పిల్లలూ మర్చిపోయేవాళ్లు, జవాబేంటో నేనూ మర్చిపోయేదాన్ని. మా బళ్లో చదివిన సగంమందికి ఇప్పటికీ అక్బరు కొడుకెవరో తెలీదు. ఊళ్లో ప్రతివాడూ నా వాక్యం మీదుగా దిగాడు నాయనా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అదే దారిలో నేను దిగాలి.”

త్రినాథ్ మాటిచ్చేశాడు. మాటివ్వడానికి అప్పట్లో అనుమతి అక్కర్లేదు.

సంగతి దళం అధ్యక్షుల చెవిన పడింది. అధ్యక్షులు భోగేశ్వరరావు గారు ఒకానొక శాఖలో పెద్ద హోదాలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. సర్వీసులో ఉన్నంతకాలం బల్ల మీది ఫైలు కదలనివ్వని మనిషి, విశ్రాంతిలో విమానాన్ని కదలనిస్తారా? వెంటనే ఆన్‌లైన్లో అత్యవసర సమావేశం పెట్టారు. పక్కన కార్యదర్శి ప్రణీత్. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగుల చేత ఉద్యోగం చేయించడమే అతని ఉద్యోగం.

“త్రినాథ్ గారూ, తమరు ఎవరి ఉత్తర్వుల మేరకు ఆ శ్రీమతికి విమానము దింపుట నేర్పుచున్నారు?” అన్నారు భోగేశ్వరరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడినా కింద సంతకం, పక్కన ముద్ర ఉన్నట్టే ఉంటుంది.

“ఉత్తర్వులేం లేవండీ. ఆవిడ అడిగారు, నేను చెప్తున్నాను. స్వచ్ఛందంగా.”

“స్వచ్ఛందమనగా ఇచ్ఛ వచ్చినట్లు అని అర్థము కాదు. స్వచ్ఛందమునకు ఒక పద్ధతి ఉన్నది. స్వచ్ఛందముగా ముందుకు రాదలచినవారు ముందుగా అనుమతి పొంది, పిదప ముందుకు రావలెను. అంతవరకు వెనుకనే ఉండవలెను.”

“సర్, పాయింట్ ఏంటంటే,” అని ప్రణీత్ అందుకున్నాడు, “మన దగ్గర ట్రెయినింగ్ ఉంది గానీ ట్రెయినింగ్ కల్చర్ లేదు. ముందు ట్రెయినర్లని ట్రెయిన్ చెయ్యాలి. త్రినాథ్ గారూ, మీకు ల్యాండింగ్ ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదండీ. కూలి, కూలి నేర్చుకున్నా.”

“సో, మీకు ట్రెయినర్ లేరు.”

“లేరండి. కానీ నాకు దింపడం వచ్చు.”

“వచ్చుట వేరు, వచ్చునని ధ్రువీకరింపబడుట వేరు,” అన్నారు అధ్యక్షులు. “ధ్రువీకృత శిక్షకుని వద్ద శిక్షణ పొందనివారు ధ్రువీకృత శిక్షకులు కాజాలరు.”

“మరి ధ్రువీకృత శిక్షకుడు దళంలో ఎవరున్నారండీ?”

“ప్రస్తుతమునకు ఎవరును లేరు.”

“మరి మొదటివాడు ఎక్కణ్ణించి వస్తాడండీ?”

“ఆ విషయము పరిశీలనలో ఉన్నది.”

అలా ‘స్వచ్ఛంద శిక్షణా సమన్వయ సంఘం’ పుట్టింది. ఆన్‌లైన్ కమిటీ కనుక అందులో టీ కూడా లేదు. శిక్షణలో శిక్ష మొదటి నుంచీ ఉండనే ఉంది, ఎవరో మర్యాద కోసం చివర ఒక ‘ణ’ తగిలించారని త్రినాథ్‌కి మెల్లగా బోధపడింది.

మొదట భూతల శిక్షణ. అంటే విమానం తెరవకుండా విమానం గురించి వినడం. ప్రణీత్ తెర నిండా రంగురంగుల స్లైడ్లు పరిచి, ‘వినడం ఎలా’ అన్న అంశం మీద ఎవరూ వినలేనంత సేపు మాట్లాడాడు. ఆ తర్వాత భద్రత. విమానంలో బెల్టు పెట్టుకోవాలి గనుక ఇంట్లో కుర్చీకి కూడా బెల్టు ఉండాలన్నారు. కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీ అయినా సరే.

“బెల్టెక్కడ తెచ్చేది నాయనా? తువ్వాలు కట్టుకున్నా,” అంది మంగతాయారు టీచరు. “ఇందాక కాలింగ్ బెల్ మోగితే కుర్చీతో సహా వెళ్లి తలుపు తీశా. పాలబ్బాయి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.”

ఆ తర్వాత క్రమశిక్షణ. ఒకరి ప్రసంగం నడుస్తుండగా మరొకరు మాట్లాడకూడదని అందరి నోటికీ మూత పెట్టారు. వాళ్ల భాషలో దాన్ని మ్యూట్ అంటారు. కార్యక్రమ పట్టికలో ఎవరి వంతు వస్తే వాళ్ల మూత ప్రణీత్ తీస్తాడు. చప్పట్లు కొట్టాలంటే విమానం దీపాలు ఆర్పి వెలిగించాలి. ఆ పైన పొదుపు.

“దుబారా అరికట్టు నిమిత్తము ఇకమీదట విమానములలో ఇంధనము సగమే నింపబడును,” అని అధ్యక్షులు ప్రకటించారు.

“అది ఉత్తుత్తి ఇంధనం కదండీ?” అన్నాడు త్రినాథ్.

“ఉత్తుత్తి దుబారాయే రేపు అసలు దుబారాకు దారితీయును. ఇంధనములో ధనమున్నది త్రినాథ్ గారూ, గమనించితిరా?”

గమనించాడు. ఆయన కూడా తనలాగే మాటలు విరుస్తాడని తెలిసి మొదటిసారి కాస్త దగ్గరితనం కలిగింది. తర్వాతి నిబంధనతో అది ఎగిరిపోయింది. అధికారిక తరగతిలో ఎవరి విమానం కూలినా వాళ్లు ఏడాదిపాటు భూతల శిక్షణకే పరిమితం. ఏడాది పాటు గాలి మాట లేదు, స్లైడ్లే.

ఆ సాయంత్రం టీచరు ఫోన్ చేసింది. ఎప్పుడూ ఉండే హుషారు గొంతులో లేదు.

“ఏడాదంటున్నారు నాయనా. నాకు ఓపికుంది. మూడో తరగతికి సర్వీసంతా ఎక్కాలు చెప్పిన ఓపిక. కానీ ఆ అబ్బాయి స్లైడ్లు ఇంకో ఏడాదంటే, నేను జాయ్‌స్టిక్ తిరిగి మనవడికిచ్చేస్తా. కూలితే ఇంతే నా విమానం.”

“కూలనివ్వనండీ.”

“నువ్వు మాట్లాడితే కదా కూలనివ్వకపోయేది? నీ నోటికి మూతేశారుగా?”



చివరికి ముహూర్తం కుదిరింది. ‘ప్రథమ స్వచ్ఛంద గగనతల శిక్షణా తరగతి ప్రారంభోత్సవ సభ’. సభ గన్నవరం పైన, గాల్లో. ఎందుకంటే గగనతల శిక్షణ గగనతలంలోనే ప్రారంభం కావాలని నిబంధన. నిబంధనలో బంధనమున్నది, గమనించితిరా?

అధ్యక్షులు తమ హోదాకి తగ్గట్టు నాలుగింజన్ల విమానంలో వచ్చారు. ముఖ్య అతిథి ఒక కల్యాణమండపం యజమాని. ఆయనకి విమానం నడపడం రాదు గనుక అధ్యక్షుల విమానంలోనే ప్రయాణికుడిగా కూర్చోబెట్టారు. ప్రణీత్ ఒక జెట్‌లో. టీచరు ఒంటి ఇంజను బుల్లి విమానంలో. ఆవిడ పక్కనే, అలాంటిదే మరో విమానంలో, ధ్రువీకరణ లేని శిక్షకుడు త్రినాథ్. అతనికీ పట్టికలో ఒక వంతు ఉంది. శిక్షకుడిగా కాదు. అన్నిటికంటే చివర, వందన సమర్పణ.

అందరూ విమానాల్ని ఆటోపైలట్‌కి అప్పగించారు. తనంతట తాను ఎగిరే ఏర్పాటది. విమానాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. సభ మాత్రం ఎటూ కదలడం లేదు.

ప్రార్థన అయింది. జ్యోతి ప్రజ్వలన అన్నారు. గాల్లో దీపం నిలవదని సామెతే ఉంది కదా, అందుకని అధ్యక్షులు తమ విమానం ముందు దీపం వెలిగించారు. మిగతావాళ్లు దీపాలార్పి వెలిగించి చప్పట్లు కొట్టారు. దూరం నుంచి చూస్తే ఆకాశంలో పెళ్లి జరుగుతున్నట్టుంది. అందుకేనేమో ముఖ్య అతిథికి ఉత్సాహమొచ్చి తన కల్యాణమండపం వంటగది వైశాల్యం గురించి వివరంగా చెప్పారు.

తర్వాత ప్రణీత్ కార్యదర్శి నివేదిక. స్లైడ్లు తెరిచాడు. అవి అతని తెరంతా కప్పేశాయి. ముందు ఏముందో అతనికి కనబడదు. ‘మన ప్రగతి’ అన్న స్లైడు దగ్గర బాణం పైకి పోతోంది, అతని జెట్ కిందికి పోతోంది. ‘భద్రతే మన బలం’ అన్న స్లైడు తెరుచుకునేసరికి జెట్ నూజివీడు మామిడితోటలో దిగబడింది. ఆ ఆటలో కూలినవాళ్లకి రెండు సౌకర్యాలున్నాయి. గొంతు పోదు, మిగతా విమానాల్ని బయటి నుంచి చూడొచ్చు. కనుక నివేదిక ఆగలేదు.

ఆ తర్వాత అధ్యక్షోపన్యాసం.

“వేదిక మీద... గగనము మీద ఆసీనులైన పెద్దలారా! పుష్పకము నాటి నుండి నేటి వరకు...” అని మొదలుపెట్టారు భోగేశ్వరరావు గారు. నాటి నుండి బయల్దేరినవారు నేటికి చేరడానికి చాలా దూరముంది. త్రినాథ్ తన ఇంధనం ముల్లు చూశాడు, టీచరుదీ అలాంటి విమానమే. ఎర్రగీత వైపు జారుతోంది. ఫోన్ చేశాడు, హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆవిడకి వినపడలేదు. నోరు తెరిచాడు. మూత. చెయ్యెత్తే గుర్తు నొక్కాడు. “ప్లీజ్ హోల్డ్ యువర్ క్వెశ్చన్స్” అని ప్రణీత్ నుంచి చిన్న సందేశం వచ్చింది, మామిడితోటలో నుంచి.

నాలుగింజన్లు నాలుగు నోళ్లతో తాగుతాయి. ముందు ఒక ఇంజను ఆగింది, తర్వాత రెండోది. అధ్యక్షులు ఆగలేదు. “మిత్రులారా, మన దళము ఎన్నడును కిందికి చూడదు!” అంటుండగా అధ్యక్షుల విమానం ముఖ్య అతిథితో సహా కొల్లేట్లోకి దూకింది. నీళ్లు లేచాయి, కొంగలు లేచాయి. ఉపన్యాసం మాత్రం కొల్లేటి అడుగు నుంచి, ఇంకాస్త గంభీరంగా, కొనసాగింది.

“...అని మనవి చేయుచు, ఇంతటితో విరమించుచున్నాను.”

“థాంక్యూ సర్, వెరీ డీప్,” అన్నాడు ప్రణీత్. “ఇప్పుడు యాక్చువల్‌గా శిక్షణా తరగతి ఉండాలి. సమయాభావం వల్ల దాన్ని రద్దు చేస్తున్నాం. డైరెక్టుగా వందన సమర్పణ. త్రినాథ్ గారూ, క్లుప్తంగా. ధన్యవాదాలు మాత్రమే. ఒక్క ముక్క పాఠం చెప్పినా మ్యూట్ చేస్తాను.”

మూత తీశారు.

త్రినాథ్ తెర వైపు చూశాడు. తన విమానం నడుపుతూ ఆవిడ ఎత్తు, వేగం, చక్రాలు అన్నీ చూడటం కుదరదు. చూడాలంటే ఒకటే దారి. కూలినవాడికుండే సౌకర్యం. కూలితే ఏడాది. వారమంతా షాపు, ఆదివారమంతా స్లైడ్లు.

జాయ్‌స్టిక్ వదిలేశాడు. విమానం ముక్కు కిందికి వాల్చి వెళ్లి మొక్కజొన్న చేలో పడింది. తెర మారింది. ఇప్పుడు టీచరు విమానం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది.

గొంతు సవరించుకున్నాడు.

“సభకు నమస్కారం. ముందుగా, మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసి, ఈ క్షణాన ఆటోపైలట్ ఆపి, ఎడమకి తిరిగి, రన్‌వేకి ఎదురుగా వస్తున్న శ్రీమతి మంగతాయారు గారికి నా హృదయపూర్వక ధన్యవాదాలు.”

విమానం అలాగే తిరుగుతోంది. త్రినాథ్ గుండె మొక్కజొన్న చేలోకి జారింది.

“ఎడమకి తిరిగినందుకు,” అని మళ్లీ అన్నాడు. “ఎడమకి.”

బుల్లి విమానం దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. ఎడమ రెక్క వంగింది.

“కరతాళధ్వనులు,” అన్నారు కొల్లేట్లోంచి అధ్యక్షులు, సంతృప్తిగా.

“అడిగిన వెంటనే ఇంజను జోరు సగానికి తగ్గించిన వారి కుడిచేతికి ధన్యవాదాలు. ఇంతసేపూ కడుపులో దాగి ఉండి, మీట నొక్కగానే బయటికి వచ్చిన మూడు చక్రాలకూ పేరుపేరునా ధన్యవాదాలు.”

చక్రాలు బయటికొచ్చాయి. మూడూ.

“త్రినాథ్ గారూ, ఇది పాఠంలా ఉందే,” అన్నాడు ప్రణీత్.

“సహకరించినవాళ్లకే చెప్తున్నానండీ. చక్రాలు సహకరించాయా లేదా?”

ప్రణీత్ పట్టిక చూసుకున్నాడు. ఎవరికి ధన్యవాదాలు చెప్పకూడదో అందులో ఎక్కడా రాసిలేదు.

“రెక్కల వెనక రేకుల్ని రెండో మెట్టు దాకా దించి, వేగానికి కళ్లెం వేసినందుకు ధన్యవాదాలు. ఎల్లవేళలా మనకంటే ఎత్తులో ఉండి... ఇంకాస్త ఎత్తులో... అయ్యో, ఇంకాస్త ఎత్తులో ఉండి మనకు దారి చూపే పెద్దలకు ధన్యవాదాలు!”

“ఫర్వాలేదు, ఫర్వాలేదు,” అని మొహమాటపడ్డారు అధ్యక్షులు, నీళ్లలోంచి.

విమానం ముక్కు కొంచెం లేచింది. ఎదురుగా రన్‌వే, దానికి ముందు పొలాలు, పొలాల మధ్య ఒక పెంకుల కప్పు, చిన్న మైదానం. ఆట తయారుచేసినవాళ్లు బడిని కూడా వదల్లేదు. సరిగ్గా దాని ముందుకొచ్చేసరికి టీచరు ఇంధనం ముల్లు ఎర్రగీత దాటి పడుకుంది. ఇంజను ఒకసారి దగ్గి, ఆగిపోయింది.

త్రినాథ్ కుర్చీ అంచుకి జరిగాడు. గొంతు మాత్రం తడబడలేదు.

“ఇంతసేపూ మోగి, సమయానికి మౌనం వహించిన ఇంజను గారికి ప్రత్యేక ధన్యవాదాలు. ఈ సభలో ఆ పని చేసినవారు వారొక్కరే. కంగారు పడనందుకు ధన్యవాదాలు. ముక్కు కొంచెం దించి, అదే వేగంతో, గాలి మీద గాలిపటంలా జారుతున్నందుకు ధన్యవాదాలు. ఏమీ చెయ్యనందుకు ధన్యవాదాలు. ఇంకా ఏమీ చెయ్యనందుకు... ఇప్పుడు! ఇప్పుడు ముక్కు మెల్లగా ఎత్తి, వెనక చక్రాలు ముందు ఆనించినందుకు...”

కీచుమని చిన్న చప్పుడు. ఒక గెంతు. ఇంకో చిన్న గెంతు. విమానం రన్‌వే మీద ఉరికి, నెమ్మదించి, గీతకి కాస్త పక్కగా ఆగింది.

“చివరగా,” అన్నాడు త్రినాథ్, “నేలకి ధన్యవాదాలు. సెలవు.”

జాతీయగీతం వేశారు. అందరూ ఎవరిళ్లలో వాళ్లు లేచి నిలబడ్డారు. టీచరు తువ్వాలు విప్పుకునే వ్యవధి లేక కుర్చీతో సహా నిలబడింది. అయ్యాక సభ ముగిసిందని ప్రణీత్ అందరి మూతలూ తీశాడు.

“నాయనా త్రినాథూ,” అంది ఆవిడ. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. “బడి మీదికొచ్చేసరికి ఇంజనాగిపోయింది చూశావా?”

“చూశానండీ. గుండాగిపోయింది నాకు.”

“చప్పుడు లేకుండా వెళ్లాను. కింద ఏ టీచరమ్మైనా పాఠం చెప్తుంటే, మధ్యలో ఆగి ఉండదు. ఆదివారమనీ తెలుసు, బొమ్మబడి అనీ తెలుసులే. అయినా... అక్బరు కుమారుడు జహంగీరు అని పూర్తిగా చెప్పేసి ఉంటుంది, మహాతల్లి.”

త్రినాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మర్నాడు సంఘం తీర్మానాలు వెలువడ్డాయి. అధ్యక్షుల విమానం కూలలేదు, అది ‘జలావతరణం’. కార్యదర్శిది ‘ఉద్యాన సందర్శన’. త్రినాథ్‌ది మాత్రం కూలడమే, కనుక ఏడాది భూతలం. శ్రీమతి మంగతాయారు గారు దిగిన మాట వాస్తవమే అయినా, తరగతి రద్దయింది గనుక ఆ దిగుట శిక్షణ కిందికి రాదు. అయితే ఆ రోజు సభలో విజయవంతమైన అంశం వందన సమర్పణ ఒక్కటే అని గుర్తించి, ఇకమీదట ప్రతి ఆదివారం సభ వందన సమర్పణతోనే ప్రారంభించాలని, అది నేల మీద కూర్చుని చెయ్యదగిన పని గనుక ఏడాదిపాటు త్రినాథే చెయ్యాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. విమానం కోసం వచ్చినవాడికి మొదట అనుమానం, తర్వాత అవమానం, చివరికి సన్మానం. ఆన్‌లైన్ శాలువా బొమ్మ కూడా పంపారు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు త్రినాథ్ ధన్యవాదాలు చెబుతున్నాడు. పాఠం నిషేధం అలాగే ఉంది. కొత్తవాళ్లు వరసగా దిగుతున్నారు. వాదాలెన్ని ఉన్నా విమానాన్ని నేలకి చేర్చేది ధన్యవాదమేనని దళం నమ్ముతోంది.

మొన్న షాపులో త్రినాథ్ ఎవరికో కళ్లజోడు కాడ బిగిస్తుంటే ఫోన్ మోగింది. భోగేశ్వరరావు గారు. గొంతులో సంతకమూ లేదు, ముద్రా లేదు.

“ఏవోయ్ త్రినాథూ, పక్కన ఎవరూ లేరు కదా? ఈ మాట ఎక్కడా ఎక్కకూడదు సుమా.”

“చెప్పండి సార్.”

“ఏం లేదు... తీరిక చూసుకుని, నాక్కూడా ఒకసారి ధన్యవాదాలు చెబుతావేమిటోయ్? మొదట్నించీ. కాస్త నిదానంగా.”